తిరువూరు బస్సులో పాలసీసా

తిరువూరు చూడదగ్గ ఊరని ఎవరూ చెప్పరు. సముద్రం లేదు, జలపాతం లేదు. విజయవాడలో బస్సెక్కి మామిడితోటల మధ్య నుంచి వెళ్ళగా వెళ్ళగా, ఇంకాస్త పోతే తెలంగాణ వచ్చేస్తుందనగా తగిలే ఊరు. అది మా అత్తగారి ఊరు. పెళ్ళయిన కొత్తలో ఒకటి రెండుసార్లు వెళ్ళాను కానీ అప్పుడు కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నాను కాబట్టి మనుషులు కనబడలేదు. ఈసారి ఒళ్ళో మూడు నెలల పాపతో వెళ్ళాను. ఒళ్ళో పసిపిల్ల ఉంటే దారిలో ప్రతి మనిషీ చుట్టమే. ఆ చుట్టాల గురించే రాస్తున్నాను.

ప్రయాణం ఎందుకు పడిందంటే, మాది క్రైస్తవ కుటుంబం. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు చర్చికి తీసుకెళ్ళి, పాస్టరు గారి చేతుల్లో పెట్టి దేవుడికి ప్రతిష్ఠ చేయించడం మాకు ఆనవాయితీ. అత్తగారి వాళ్ళ చర్చి తిరువూరు దగ్గర పెనుగొలనులో ఉంది. నేను పురిటికి మా పుట్టింట్లో, తణుకులో ఉన్నాను. తోడు రావాల్సిన అమ్మకి మోకాలు పట్టేసింది. హైదరాబాదులో ఉన్న మా ఆయనకి సెలవు దొరక్క, ఆదివారం పొద్దునకి నేరుగా వస్తానన్నాడు. విజయవాడ దాకా మా బాబాయి వచ్చాడు. అక్కడి నుంచి నేనూ, పాపా.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. బయల్దేరే ముందు డాక్టరమ్మ పాపని తూచి పెదవి విరిచింది. "బరువు పెరగడం లేదు. నీ పాలు ఇవ్వు, కానీ వాటితో దీనికి కడుపు నిండటం లేదు. ప్రతి పూటా తర్వాత డబ్బా పాలు పట్టాల్సిందే. ఒక్క పూట కూడా మానొద్దు" అంది. ఇంటికొచ్చి గది తలుపేసుకుని ఏడ్చాను. కన్నాను, పొట్ట కోయించుకున్నాను, నిద్రన్నది మర్చిపోయాను, ఇంతా చేసి పిల్లకి తిండి పెట్టలేకపోతున్నానా అని. డబ్బా పాల సంగతి మా అత్తగారికి చెప్పలేదు. ఆవిడ రిటైరైన టీచరు. ముగ్గురిని కని పెంచింది. నోరెత్తకుండా, చూపుతోనే క్లాసంతటినీ కూర్చోబెట్టగల మనిషి.

విజయవాడ బస్టాండు

బాబాయి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాలసీసా, ఫ్లాస్కు ఉన్న చిన్న సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, "జాగ్రత్తమ్మా" అని పదిసార్లు చెప్పి దిగాడు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి బస్సు నిండా ఆడవాళ్ళే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. సలహాలకి కూడా టికెట్టు లేదని బస్సు కదలకముందే తెలిసింది.

"ఒక్కదానివే వచ్చావా తల్లీ?" అని వెనక సీటు.

"మీ ఆయనేడి?" అని పక్క వరస.

"మొదటి కాన్పా? ఆపరేషనా, మామూలుగానేనా?" అని కమ్మీ పట్టుకుని నిలబడ్డావిడ. ఆపరేషను అన్నాను. బస్సులో సగం మంది "అయ్యో" అన్నారు. మిగతా సగం మంది వీళ్ళెందుకు అయ్యో అన్నారో కనుక్కున్నారు.

"కిటికీ ముయ్యమ్మా, పిల్ల మాడుకి గాలి తగుల్తది." మూశాను. "ఉక్కపోస్తే పిల్ల ఏడవదూ? తియ్యి." సగం తీశాను. సగం తీసిన కిటికీ ఎవరికీ నచ్చలేదు. చివరికి కండక్టరు కూడా చిల్లర లెక్క చూసుకుంటూ, "చెవులకి గుడ్డ కట్టుకోండమ్మా, పచ్చి బాలింతలు" అనేసి వెళ్ళాడు.

మా గోదావరి వైపు సలహాలివ్వరని కాదు. కాకపోతే అక్కడ "ఏమీ అనుకోకండి" అని మొదలుపెడతారు, అనుకోవడానికి మనకి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇటువైపు నేరుగా విషయానికి వచ్చేస్తారు.

ఇబ్రహీంపట్నం దాటాక పాప ఏడుపు మొదలుపెట్టింది. నా దగ్గర ఉన్నది చున్నీ చాటున ఇచ్చాను. సరిపోలేదు, ఎప్పుడూ సరిపోదు. ఫ్లాస్కు తీసి, పొడి కలిపి, సీసా పైకి తీశానో లేదో ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. పచ్చచీర, మెళ్ళో కళ్ళజోడు తాడు.

"డబ్బా పాలా? మూడు నెలలకేనా? తల్లిపాలు అమృతం కదమ్మా!"

ఆ మాట నాకు కొత్తా? మా ఊరి ఆస్పత్రి గోడ మీద అదే మాట, రంగుల బొమ్మతో సహా, పాప పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్నాను. సమాధానం చెప్పాలనుకున్నాను. సీసాకి మూతపెట్టి సంచిలో దాచేశాను. పాప ఏడుస్తూనే ఉంది.

ఇక అక్కడి నుంచి వైద్యం మొదలైంది. వాము నీళ్ళు పట్టమని ఒకరు, బోర్లా వెయ్యమని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. "మా కాలంలో పొద్దున కని సాయంత్రం కలుపుకి పోయేవాళ్ళం" అంది ఒకావిడ. ఏ కాలమో అని తిరిగి చూస్తే ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దదేమో. "బండి ఊగితే నిద్దరపోద్దిలే" అని డ్రైవరు కాస్త వేగం పెంచాడు. పాపం, ఆయనకి చేతనైన సాయం అది. పిల్లకి ఏం కావాలో ఆ బస్సులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అది నా కాళ్ళ దగ్గరే ఉంది. తీయలేకపోయాను.

మైలవరం

"పది నిమిషాలు ఆగుద్ది" అనగానే చిన్న సంచి పట్టుకుని దిగేశాను. బస్టాండు బయట ఒక పునుగుల బండి, దాని వెనక గోడ. బండి నడిపే ఆవిడ నా అవతారం చూసి, ఏమీ అడక్కుండా ఒక ప్లాస్టిక్ స్టూలు గోడ వైపు లాగింది. గోడకి ముఖం పెట్టి కూర్చుని సీసా పట్టాను. పాప గుటకలు వేస్తుంటే నా భుజాలు కిందికి దిగాయి.

ఇప్పుడు ఈవిడేమంటుందో అని చూశాను.

"పొద్దున్నుంచి నువ్వేం తిన్నావు?" అంది.

తణుకులో బయల్దేరినప్పటి నుంచి ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే. ఏం తిన్నానో గుర్తు రాలేదు. ప్లేటు ముప్పై రూపాయలు. పునుగులు మా వైపు కంటే చిన్నవి, పచ్చడి మాత్రం రెండింతల కారం. ఒక చేత్తో పాపని, రెండో చేత్తో పునుగుని పట్టుకుని, నాలుక కాల్చుకుంటూ తింటున్నాను. కళ్ళలో నీళ్ళు కారానికా, ఆ ప్రశ్నకా అంటే చెప్పలేను.

అంతలో బస్సు కదిలింది. నా బట్టల సంచి అందులోనే ఉంది. నేను అరిచేలోపే బస్సులోంచి కేకలు లేచాయి. "ఆపండి! బాలింత దిగింది! ఓ డ్రైవరూ, కళ్ళు కనబడట్లా?" బస్సు ఆగింది. పచ్చచీర ఆవిడ స్వయంగా దిగొచ్చి నా రెక్క పట్టుకుంది. "మెల్లిగా ఎక్కమ్మా, కుట్లు లాగుతాయి." సీసాని అప్పటికే చున్నీలో చుట్టేశాను. ఆవిడ పాప ముఖం చూసి మురిసిపోయింది. "ఏడుపు మానింది, పొట్ట నిండినట్టుంది. చూశావా మరి? తల్లిపాలే తల్లిపాలు."

"అవునండి" అన్నాను.

మైలవరం దాటాక రోడ్డుకి రెండువైపులా మామిడిపూత. పిందెలు కూడా పడుతున్నాయి. నా పక్కన కూర్చున్న పెద్దావిడ అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఒళ్ళో ఖాళీ క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి పాప పాదం మీద వేలు పెట్టి నిమిరింది. తన కంటి కాటుక చూపుడువేలికి అద్దుకుని, పాప బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది. మా వాళ్ళు దిష్టిచుక్కలు పెట్టరు. చెబుదామనుకున్నాను.

"మా అమ్మాయి కూడా కన్నది" అంది ఆవిడ. "నెలలు నిండకుండానే. పిల్లోణ్ణి అద్దాలపెట్టెలో పెట్టారు. ముట్టుకోనివ్వట్లేదు నన్ను."

ఇంకేం చెబుతాను. ఆవిడ దిగాల్సిన ఎ.కొండూరు వచ్చేదాకా పాప పాదం ఆవిడ చేతిలోనే ఉంది.

తిరువూరు

గుమ్మంలో మా అత్తగారు ముందు పాపని ఎత్తుకుంది, తర్వాత బుగ్గ మీద చుక్క చూసింది.

"ఎవరు పెట్టారు?"

"బస్సులో ఒకావిడ అత్తయ్యా" అని సంగతి చెప్పాను. కొంగు తడిపి ఆ చుక్క తుడిచేసి, "పాపం, తన కళ్ళకున్నది తీసి పెట్టింది" అంది.

భోజనం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మా వైపు బాలింత అంటే పాలసొర చేప పిట్టు. తిరువూరికి సముద్రం దూరం కాబట్టి ఆ బాధ్యత నువ్వుల తెలగపిండికి, మునగాకుకి ఇచ్చారు. తెలగపిండిలో వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వండిన కూర, వేడన్నం, నెయ్యి. మూడు పూటలా పెట్టినా విసుగు పుట్టలేదు, అదంతా పాలు పడటానికేనని తెలిసి ప్రతి ముద్దకీ దొంగతనం చేసినట్టుండేది తప్ప. పాపకి సీసా పట్టేటప్పుడల్లా గది తలుపు వేసుకున్నాను. "తలుపెందుకమ్మా?" అని అడిగితే "గాలి కొడుతుందని అత్తయ్యా" అన్నాను. బస్సులో విన్న సలహా అలా పనికొచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. వసారాలో చాపలు పరిచారు. వచ్చినవాళ్ళంతా ముప్పై మంది లేరు, అయినా మైకు పెట్టారు. మైకు లేకుండా ప్రార్థన ఎక్కడుంది? పాటలయ్యాక ప్రార్థన అంశాలు. ఒకరి అప్పుల బాధ, ఒకరి కొడుకు పరీక్ష. నేను పాపని జోకొడుతూ తూగుతున్నాను.

"తండ్రీ!" అని పాస్టరు గారు గొంతు పెంచారు. "టీచరమ్మ గారి కోడలికి పాలు చాలట్లేదు ప్రభువా! ఎండిన నేలమీద ఊటలు పుట్టించినవాడవు. రెండు వైపులా సమృద్ధిగా దయచెయ్యి తండ్రీ!"

అందరూ "ఆమేన్" అన్నారు. వీధి చివర టీ కొట్టు దగ్గర కూడా ఎవరో అన్నారు. నాకు నిద్ర ఎగిరిపోయింది. ఆ ఎండిన నేల నేనే. భూమి చీలితే బాగుండుననుకున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, మా ఆయన ఫోన్లో వాళ్ళమ్మతో "దానికి పాలు చాలట్లేదమ్మా" అన్నాడు. ఆయన నోట్లో ఏదీ నిలవదు. అత్తగారు పాస్టరమ్మ గారికి ప్రార్థన అంశంగా ఇచ్చింది. ఆవిడ చీటీ రాసి పాస్టరు గారికిచ్చింది. ఎవరి మనసులోనూ చెడు లేదు. మైకుకి మాత్రం ఆడవాళ్ళ సంగతులు మెల్లగా చెప్పడం తెలియదు.

బజారు

మర్నాడు పాపకి తెల్లగౌను కొందామని అత్తగారితో బజారుకెళ్ళాను. సందు దాటకముందే ఒకావిడ గేటు దగ్గర ఆపింది. "మైకులో విన్నాం తల్లీ. పచ్చి బొప్పాయి కూర తిను." బట్టల షాపులో గౌనుతో పాటు మెంతుల కషాయం తయారుచేసే పద్ధతి ఇచ్చారు. కూరగాయలావిడ మునగాకు కట్ట నా సంచిలో కుక్కి డబ్బులు వద్దంది. "నెమలి ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకో అమ్మాయ్. వెన్న తిని పెరిగినోడు, పాల సంగతి ఆయనకి తెలీదా?" అని, మా అత్తగారి వైపు తిరిగి, "మీ దేవుడికి చెప్పారుగా, మా స్వామిక్కూడా చెబితే పోయేదేముంది టీచరమ్మా" అంది. అత్తగారు నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

వాళ్ళెవరిమీదా కోపం తెచ్చుకోలేకపోయాను. అలసిపోయిన మనిషిని చూస్తే వీళ్ళ చేతులు ఊరుకోవు. చేతికి పని దొరక్కపోతే నోటికి పని చెబుతారు. అయినా ఒక్కో మాటా వచ్చి నామీద పడుతుంటే, సాయంత్రానికి నేను మనిషిని కాదు, పాలు రాని పాడి పశువునని అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది.

డబ్బాలో పొడి అడుగంటింది. మందుల షాపు ముందు ఆగాను. కౌంటరు వెనక అరలో నాకు కావలసిన డబ్బా కనబడుతూనే ఉంది. పక్కన అత్తగారు. ఇంకో పక్క మైకు విన్నవాళ్ళు.

"ఏం కావాలమ్మా?"

"గ్రైప్ వాటర్" అన్నాను.

పెనుగొలను

ఆదివారం పొద్దున మా ఆయన వచ్చాడు. ఆటోలో అందరం పెనుగొలను బయల్దేరాం. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఘాటుకి పాప తుమ్మింది. చర్చి దగ్గర మా ఆయన పాపని ఎత్తుకుని దిగాడు. ఆడవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగా ఎత్తుకున్నాడో!" అని మెచ్చుకున్నారు. ఆ బిడ్డనే మూడు నెలలుగా నేను ఎత్తుకుంటున్నాను. నన్నొక్కరూ అనలేదు.

ఉన్న కాస్త పొడీ తెల్లవారుజామునే అయిపోయింది. ఆరాధన అవగానే మా ఆయన్ని తిరువూరు పంపించి డబ్బా తెప్పిద్దామనుకున్నాను. కానీ పెనుగొలను ఆరాధన గడియారం చూసుకుని నడిచేది కాదు. పాటలు, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు, పాస్టరు గారి వాక్యం, మళ్ళీ పాటలు. ప్రతిష్ఠకి మమ్మల్ని ముందుకి పిలిచేసరికి పాప పిడికిళ్ళు చప్పరిస్తోంది. పాస్టరు గారు పాపని చేతుల్లోకి తీసుకోగానే ఏడుపందుకుంది. మైకు పక్కనే ఉంది. ఆయన ప్రార్థన గొంతు పెంచారు, అది ఏడుపు పెంచింది. చాపల మీద ఆడవాళ్ళలో గుసగుసలు. "ఆకలేమో." "ఆ అమ్మాయికి పాలు రావటగా."

పిల్ల ఆకలి నాకు తెలుసు. నా దగ్గర ఏమీ లేదు. నిన్న ఆ షాపులో సిగ్గుపడి నిలబడ్డందుకు ఇవాళ ఇది ఏడుస్తోంది.

మొదటి వరసలోంచి మా అత్తగారు లేచింది. బైబిలు సంచి భుజాన వేసుకుని, ప్రార్థన మధ్యలోనే పాస్టరు గారి చేతుల్లోంచి పాపని తీసుకుంది. అక్కడే, బల్ల పక్కన కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కలిపి ఉంచిన పాలసీసా తీసింది. సంచి మూతి జారి, అందులో కొత్త డబ్బా కనబడింది. పాప నోట్లో పీక పెట్టింది.

ముందు వరస ముసలమ్మ ఒకావిడ ఊరుకోలేకపోయింది. "సీసాపాలు అలవాటు చేస్తున్నావా టీచరమ్మా?"

మైకు ఆపలేదెవరూ. మా అత్తగారు తలెత్తకుండానే మాట్లాడింది. అయినా అందరికీ వినబడింది.

"శుక్రవారం అందరం కూర్చుని పాలు కావాలని అడిగాంగా, ఎల్లమ్మా? ఇచ్చాడు. ఏ దారిన ఇచ్చావని దేవుణ్ణి నిలదీసేంత పెద్దరికం నాకు లేదు. నీకుంటే అడుగు."

మైకులో పాప గుటకల చప్పుడు ఒక్కటే. పాస్టరు గారు నవ్వాపుకుంటూ "ఆమేన్" అన్నారు. అందరూ అన్నారు. ఎల్లమ్మగారు కూడా.

ఆటోలో తిరిగొస్తుంటే అడిగాను. "మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మందుల షాపులో డబ్బా వైపు చూస్తూ గ్రైప్ వాటర్ కొన్నావు. బళ్ళో పిల్లలు కూడా అంతే, ఆకలేస్తే కడుపునొప్పి అని చెప్పేవాళ్ళు" అంది. నా ఒళ్ళో పాప గౌను సర్ది, "మైకులో చెప్పమని నేననలేదమ్మా. నొచ్చుకున్నావా?" అని అడిగింది. నొచ్చుకున్నానని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

తిరుగు ప్రయాణం

సోమవారం తిరువూరు బస్టాండులో మా ఆయన బట్టల సంచితో వెనక నిలబడ్డాడు, నాకు మధ్యలో సీటు దొరికింది. బస్సు ఇంకా కదల్లేదు. పాప కదిలింది. ఫ్లాస్కు, కొత్త డబ్బా తీసి, పొడి కలిపి, సీసా పైకి తీసి బాగా ఊపాను.

పక్కన కూర్చున్న బొద్దుపాటి ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది. "డబ్బా పాలా అమ్మా?"

"అవునండి" అన్నాను. "కాస్త ఈ మూత పట్టుకుంటారా?"

ఆవిడ చెయ్యి చాపింది. మూత అరచేతిలో పెట్టాను. మైలవరం వచ్చేదాకా దాన్ని కింద పడకుండా పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ముందు సీటామె వెనక్కి తిరిగి నోరు తెరవబోతే, నేను చూసుకునే పని లేకుండా ఆవిడే కసిరింది. "పిల్ల తాగుతోంది. అటు తిరుగు."